భార్యాభర్తల రిటైర్మెంట్ పొదుపు, పన్ను మినహాయింపులు: తరచుగా అడిగే ప్రశ్నలు

జనవరి వచ్చిందంటే స్కూలు స్టాఫ్ రూముల్లో, బ్యాంకు కౌంటర్ల దగ్గర ఒకటే మాట: ఇంకా ఎంత కట్టాలి, ఎవరి పేరున కట్టాలి? అనంతపురం, కర్నూలు, కడప వైపు ఇన్‌కం ట్యాక్స్ రిటర్నులు వేయించుకునే భార్యాభర్తలు ఎక్కువగా అడిగేవి ఇక్కడ రాస్తున్నాం. విడిగా చెప్పని చోట అంకెలన్నీ 2025-26 ఆర్థిక సంవత్సరానివి. 2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఆదాయపు పన్ను చట్టం వచ్చి సెక్షన్ల నంబర్లు మారాయి. పొదుపు మీద మినహాయింపు ఇచ్చే 80సీ అక్కడ 123 అయింది. జనం నోట ఇంకా పాత నంబర్లే ఉన్నాయి కాబట్టి ఇక్కడా అవే వాడుతున్నాం.

భార్యాభర్తలం కలిసి ఒకే రిటర్ను వేయొచ్చా?

కుదరదు. ఎవరి పాన్ వాళ్లది, ఎవరి రిటర్ను వాళ్లది. ఇద్దరికీ ఆదాయం ఉంటే రెండు స్లాబులు, రెండు 80సీ పరిమితులు, రెండు రిబేట్లు (పన్ను మాఫీలు). ఒకరు వాడుకోని మినహాయింపును రెండోవాళ్లకు బదలాయించే వీలు లేదు. భార్యకు ఆదాయం లేకపోతే ఆమె పేరున ఉన్న ఖాళీ స్లాబు ఖాళీగానే పోతుంది.

పన్ను తగ్గించాల్సిన చోట మన చట్టానికి పెళ్లి కనిపించదు. పన్ను వేయాల్సిన చోట మాత్రం బాగానే కనిపిస్తుంది. ఆ సంగతి కింద క్లబ్బింగ్ దగ్గర చెబుతాం.

మా ఇంటామె పేరున పీపీఎఫ్ (పబ్లిక్ ప్రావిడెంట్ ఫండ్) కడుతున్నా. మినహాయింపు నాకు వస్తుందా?

మీరు పాత పన్ను విధానంలో, అంటే పొదుపు మినహాయింపులు ఉన్నదాంట్లో, ఉంటే వస్తుంది. 80సీ కింద పీపీఎఫ్‌ను తన పేరున, భార్య లేదా భర్త పేరున, పిల్లల పేరున కట్టినా కట్టినవాళ్లే చూపించుకోవచ్చు. ఆమెకు సంపాదన ఉండాలన్న షరతు లేదు. డబ్బు మీ ఖాతా నుంచి వెళ్లినట్టు ఆధారం మాత్రం ఉంచుకోండి. నగదు తీసి ఆమె చేతికిచ్చి పోస్టాఫీసులో కట్టించే పద్ధతి చాలా ఇళ్లలో ఉంది. తరువాత ఎవరైనా అడిగితే చూపించడానికి ఏమీ మిగలదు.

అయితే నా పీపీఎఫ్‌లో లక్షన్నర, ఆమె పీపీఎఫ్‌లో లక్షన్నర, మొత్తం మూడు లక్షలు మినహాయించుకోవచ్చా?

మూడు లక్షలు కట్టొచ్చు. మినహాయింపు లక్షన్నరకే. ఇక్కడ పరిమితులు రెండు. ఒక్కో పీపీఎఫ్ ఖాతాలో ఏడాదికి 1,50,000 దాకా వేయొచ్చన్నది ఒకటి. ఒక్కో మనిషికి 80సీ కింద అన్నీ కలిపి 1,50,000 దాకానే అన్నది రెండోది. ఖాతాలు రెండయినా మినహాయింపు అడిగే మనిషి మీరొక్కరే.

కర్నూలులో ఒక ప్రైవేటు ఉద్యోగి అనుకుందాం. ఆయన వాటా ఈపీఎఫ్ (ఉద్యోగుల భవిష్య నిధి) 60,000, ఎల్ఐసీ ప్రీమియం 30,000. 80సీలో ఇంకా 60,000 చోటుంది. భార్య పీపీఎఫ్‌లో లక్ష వేస్తే అందులో 60,000కు మినహాయింపు వస్తుంది, మిగతా 40,000కు రాదు. అలాగని ఆ నలభై వేలు వృథా కాదు. పీపీఎఫ్ వడ్డీ మీద పన్ను లేదు, పదిహేనేళ్ల తరువాత వచ్చే మొత్తం మీదా లేదు. 7.1 శాతం వడ్డీ ఇలాగే ఉంటే, ఏటా ఏప్రిల్ మొదట్లో లక్షన్నర చొప్పున వేస్తూ పోయిన ఖాతా పదిహేనేళ్లకు నలభై లక్షలు దాటుతుంది. మినహాయింపు వచ్చిందా రాలేదా అన్నదానికన్నా ఈ అంకె ముఖ్యం.

పీపీఎఫ్‌లో జాయింటు ఖాతా ఉండదని కూడా గుర్తుంచుకోండి.

ఇంకా ఏవేవి భార్య పేరున ఉన్నా నేను చూపించుకోవచ్చు?

ఎల్ఐసీ ప్రీమియం, యూలిప్ (మార్కెట్‌లో పెట్టే బీమా పాలసీ) పరవాలేదు. ఆరోగ్య బీమా కూడా అంతే, అది 80డీ కింద వస్తుంది: మీకు, భార్యకు, పిల్లలకు కలిపి 25,000 దాకా, బీమా ఉన్నవాళ్లలో అరవై దాటినవారు ఉంటే 50,000 దాకా. ఎన్‌ఎస్‌సీ (పోస్టాఫీసు జాతీయ పొదుపు పత్రం), ఐదేళ్ల ట్యాక్స్ సేవింగ్ ఎఫ్డీ, సీనియర్ సిటిజన్స్ స్కీమ్ మాత్రం ఎవరి పేరున ఉంటే వాళ్లకే. ఎఫ్డీ జాయింటుగా వేస్తే మొదటి పేరు ఎవరిదో వాళ్లకు. ఇవన్నీ పాత విధానంలోనే.

ఎన్‌పీఎస్‌లో (జాతీయ పెన్షన్ పథకం) అదనంగా యాభై వేలు మినహాయింపు ఉందంటారు కదా. భార్య పేరున ఎన్‌పీఎస్ తెరిచి ఆ యాభై వేలు నేను చూపించుకుంటే?

చాలామంది పొరపడేది ఇక్కడే. పీపీఎఫ్‌కు ఉన్న వెసులుబాటు ఎన్‌పీఎస్‌కు లేదు. 80సీసీడీ(1బి) కింద 50,000 మినహాయింపు సొంత ఖాతాలో వేసినవాళ్లకే. భార్య ఖాతాలో మీరు వేస్తే మీకు రాదు. ఆమెకు పన్ను కట్టేంత ఆదాయం లేకపోతే ఆమెకూ అక్కరకు రాదు. పిల్లల పేరున తెరిచే ఎన్‌పీఎస్ వాత్సల్యకు 2025 బడ్జెట్‌లో ఈ మినహాయింపు ఇచ్చారు గానీ, భార్య లేదా భర్త ఖాతాకు ఇవ్వలేదు.

ఆమెకే ఆదాయం ఉంటే, అంటే ట్యూషన్లు, బ్యూటీ పార్లర్, మగ్గం పని, ఏదైనా సరే, లెక్క వేరు. పాత విధానంలో సొంత వ్యాపారం చేసేవాళ్లు తమ స్థూల ఆదాయంలో 20 శాతం దాకా 80సీసీడీ(1) కింద చూపించుకోవచ్చు. అది 80సీతో కలిపి లక్షన్నర పరిమితిలోకి వస్తుంది. దాని పైన ఈ 50,000 ఉంటుంది.

మినహాయింపే రానప్పుడు ఆమెకు ఎన్‌పీఎస్ ఎందుకు?

మినహాయింపు అనేది ఈ సంవత్సరం మీ జేబులో మిగిలే డబ్బు. పెన్షన్ ఆమెకు అరవై దాటాక అవసరమయ్యే డబ్బు. రెండూ ఒకటి కాదు. మన ఇళ్లలో మామూలుగా భార్య వయసులో చిన్నది. భర్త పోయాక పదేళ్లో పదిహేనేళ్లో ఒంటరిగా బతకాల్సి వచ్చేది ఎక్కువగా ఆమెకే. అప్పుడు ప్రతి నెలా కొడుకును అడగాలా, తన ఖాతాలో పడేది తీసుకోవాలా అన్నది ఇప్పుడు తీసుకునే నిర్ణయం మీద ఉంటుంది. ఎన్‌పీఎస్‌లో ఏడాదికి వెయ్యి రూపాయలు వేసినా ఖాతా నడుస్తుంది. అయితే అది మధ్యలో సులువుగా చేతికి రాని డబ్బు. పైగా మొత్తం పెద్దదైతే అరవై ఏళ్లకు కొంత భాగాన్ని పెన్షన్ కోసం కట్టేయక తప్పదు. అందుకని ఇంట్లో వేరే పొదుపు లేనివాళ్లకు మొదటి ఖాతాగా ఎన్‌పీఎస్ కన్నా పీపీఎఫ్ మేలని మా అభిప్రాయం.

కొత్త విధానంలో 80సీ లేదట కదా. ఇక ఇవన్నీ మానేయొచ్చా?

పన్ను కోసమే కడుతుంటే మానేయొచ్చు. కొత్త విధానంలో 80సీ, 80డీ, ఎన్‌పీఎస్ సొంత వాటా మినహాయింపులేవీ లేవు. 2023-24 నుంచి మీరు ఏమీ చెప్పకపోతే కొత్త విధానమే వర్తిస్తుంది.

ఒక లెక్క చూడండి. ఏడాదికి తొమ్మిది లక్షల జీతం ఉన్న టీచరు. పాత విధానంలో 50,000 స్టాండర్డ్ డిడక్షన్, 80సీ లక్షన్నర, ఎన్‌పీఎస్ 50,000, ఇన్నీ తీసేసినా ఆరున్నర లక్షలు మిగులుతుంది. దాని మీద పన్ను 42,500, సెస్సుతో 44,200. అదే టీచరు కొత్త విధానంలో ఒక్క రూపాయి పొదుపు చూపించకపోయినా 75,000 స్టాండర్డ్ డిడక్షన్ పోగా 8,25,000. పన్నెండు లక్షల లోపు కాబట్టి రిబేటుతో పన్ను సున్నా. జీతగాళ్లకు 12,75,000 దాకా ఇదే కథ.

కాబట్టి ఈ జీతాల్లో ఉన్నవాళ్లు ఎవరైనా "పన్ను తగ్గుతుంది సార్, మేడం పేరున పాలసీ తీసుకోండి" అంటే, ఎవరి పన్ను ఎంత తగ్గుతుందో కాగితం మీద రాసి చూపించమనండి. మాట మార్చేస్తారు.

పాత విధానం ఇంకా లాభించేది జీతం బాగా ఎక్కువై, పెద్ద ఇంటి అద్దె భత్యం, ఇంటి లోను వడ్డీ కూడా ఉన్నవాళ్లకు. భర్త పాత విధానం, భార్య కొత్త విధానం ఎంచుకున్నా అడ్డేమీ లేదు. జీతం, పెన్షన్ మాత్రమే ఉన్నవాళ్లు ఏటా మార్చుకోవచ్చు. వ్యాపార ఆదాయం ఉంటే అంత స్వేచ్ఛ లేదు. పాత విధానానికి వెళ్లాలంటే ఫారం 10ఐఈఏ వేయాలి, తిరిగి కొత్తదానికి వచ్చాక మళ్లీ వెనక్కి పోలేరు.

కొత్త విధానంలో రిటైర్మెంట్ పొదుపుకు ఒక్క మినహాయింపూ లేదా?

ఒకటుంది. మీ ఎన్‌పీఎస్‌లో యజమాని వేసే వాటా, 80సీసీడీ(2). 2024-25 నుంచి కొత్త విధానంలో ఉన్నవాళ్లందరికీ బేసిక్, డీఏ కలిపిన మొత్తంలో 14 శాతం దాకా మినహాయింపు. హైదరాబాద్, బెంగళూరుల్లో ఉద్యోగాలు చేస్తున్న మన పిల్లలు దీన్ని పట్టించుకోవడం లేదు. బేసిక్ నెలకు 50,000 అయితే 7,000 చొప్పున ఏడాదికి 84,000 పన్ను లెక్కలోంచి పోతుంది. జీతంలో ఎన్‌పీఎస్ భాగం పెట్టమని హెచ్‌ఆర్‌ను అడగాలి, అంతే. ఇద్దరూ ఉద్యోగులైతే ఇద్దరికీ విడివిడిగా వస్తుంది. ఈపీఎఫ్, ఎన్‌పీఎస్, సూపరాన్యుయేషన్ (కంపెనీ పెన్షన్ నిధి) కలిపి యజమాని వాటా ఏడాదికి ఏడున్నర లక్షలు దాటితే దాటినదానికి పన్ను పడుతుంది.

మేమిద్దరం ప్రభుత్వ టీచర్లం, సీపీఎస్‌లో (చందా కట్టే పెన్షన్ పథకం) ఉన్నాం. మా సంగతేంటి?

ఆంధ్రప్రదేశ్‌లో 2004 సెప్టెంబర్ 1 నుంచి చేరినవాళ్లంతా సీపీఎస్ కిందికే వచ్చారు. జీతంలో కోసే మీ పది శాతం పాత విధానంలో 80సీసీడీ(1) కిందికి వస్తుంది. 80సీ లక్షన్నర వేరే వాటితోనే నిండిపోతే, ఈ కోతలోంచి 50,000 దాకా (1బి) కింద చూపించుకోవచ్చు. దానికోసం వేరే డబ్బు కట్టక్కరలేదు. ప్రభుత్వం వేసే వాటాను ముందు జీతంలో కలిపి, తరువాత 80సీసీడీ(2) కింద తీసేయాలి. ఫారం 16లో కలిపి, తీయడం మరిచారేమో చూసుకోండి. ఇద్దరి లెక్కలూ వేర్వేరు.

క్లబ్బింగ్ అంటే ఏమిటి? మా ఎల్ఐసీ ఏజెంటు, బ్యాంకు మేనేజరు ఎవరూ చెప్పలేదే?

చెప్పరు. డిపాజిట్ వస్తే చాలు వాళ్లకు.

భర్త తన డబ్బును భార్యకు ఊరికే ఇస్తే ఆ ఇవ్వడం మీద పన్ను లేదు. భార్యాభర్తల మధ్య గిఫ్టుకు పరిమితి కూడా లేదు. కానీ ఆ డబ్బును ఆమె ఎఫ్డీలో వేస్తే వచ్చే వడ్డీ భర్త ఆదాయంలోనే కలుస్తుంది. భార్య భర్తకు ఇచ్చినా అంతే. దీన్నే క్లబ్బింగ్ అంటారు, సెక్షన్ 64. కోడలికి ఇచ్చినా ఇదే నియమం. పెద్దయిన కొడుకుకో, కూతురికో, అమ్మానాన్నలకో ఇస్తే వర్తించదు.

ఎక్కువగా దెబ్బ తినేది కొత్తగా రిటైరైనవాళ్లు. కడపలో ఒక ఆఫీసరు రిటైరయ్యాడు, ఏడాదికి తొమ్మిది లక్షల పెన్షన్. వచ్చిన డబ్బులో ముప్ఫై లక్షలు తన పేరున సీనియర్ సిటిజన్స్ స్కీమ్‌లో, అరవై నిండిన భార్య పేరున మరో ముప్ఫై లక్షలు అదే స్కీమ్‌లో వేశాడు. ఇద్దరికీ విడివిడిగా ముప్ఫై లక్షల పరిమితి ఉంది కాబట్టి స్కీమ్ ప్రకారం తప్పేమీ లేదు. 8.2 శాతం చొప్పున ఒక్కో ఖాతా మీద మూడు నెలలకోసారి 61,500, ఏడాదికి 2,46,000.

భార్య వడ్డీ ఆమెదే అనుకుని ఆయన తన రిటర్నులో చూపించలేదు. ఆయన లెక్క: తొమ్మిది లక్షలు, 2,46,000 కలిపి, 75,000 తీసేస్తే 10,71,000. పన్ను సున్నా. చట్టం లెక్క: రెండు వడ్డీలూ కలిపితే 13,17,000. పన్ను 77,550, సెస్సుతో 80,652. ఆ వడ్డీలన్నీ ఏఐఎస్‌లో (పన్ను శాఖ దగ్గరుండే ఏడాది ఆదాయ వివరాల పట్టిక) కనిపిస్తూనే ఉంటాయి. నోటీసు వస్తే పన్ను, వడ్డీతో పోదు. తక్కువ చూపించినందుకు పన్నులో 50 శాతం, తప్పుడు వివరం ఇచ్చారని తేలితే 200 శాతం జరిమానాకు సెక్షన్ ఉంది.

ఆయన పెన్షన్ తొమ్మిది కాక ఆరు లక్షలై ఉంటే? ఇద్దరి వడ్డీలూ కలిపినా 10,17,000. పన్ను సున్నానే. అలాంటివాళ్లకు క్లబ్బింగ్ వల్ల జేబుకు నష్టం లేదు. రిటర్నులో మాత్రం సరిగ్గా చూపించాలి.

బ్యాంకు ఆమె పాన్ మీద టీడీఎస్ (ముందే పట్టుకునే పన్ను) కోసింది. వడ్డీ నా రిటర్నులో చూపిస్తే ఆ టీడీఎస్ ఏమవుతుంది?

మీ రిటర్నులో టీడీఎస్ షెడ్యూల్‌లో "వేరొకరి పాన్ మీద కోత" అన్న గడి ఉంటుంది. అక్కడ ఆమె పాన్ వేసి అడగొచ్చు. ఆమె తన రిటర్నులో అదే మొత్తాన్ని మీకు వదిలేసినట్టు చూపించాలి. వడ్డీ ఫలానావారి ఆదాయమని ముందే బ్యాంకుకు రాసిస్తే కోత నేరుగా మీ పాన్ మీదే పడుతుంది, అది ఇంకా నయం. ఐటీఆర్ 1లో ఇది కుదరదు, ఐటీఆర్ 2 వేయాలి.

క్లబ్బింగ్ పడకుండా ఆమె పేరున పొదుపు చేసే దారి ఉందా?

ఉంది, ఒకటి కాదు.

అన్నిటికన్నా తేలిక పీపీఎఫ్. వడ్డీ మీద అసలు పన్నే లేదు కాబట్టి మీ ఆదాయంలో కలిపినా కలిసేది సున్నా.

రెండోది, ఆమె సొంత డబ్బు. పుట్టింటివాళ్లు పెళ్లికి పెట్టిన బంగారం, పసుపు కుంకుమ కింద ఇచ్చిన పొలం, తండ్రి వీలునామాలో రాసింది, ఆమె జీతం, ఆమె కుట్టుపని డబ్బు: వీటి మీద వచ్చేదంతా ఆమెదే. అందుకే ఆ డబ్బును ఇంటి ఖర్చుకు వాడి, మీ జీతాన్ని ఆమె పేరున ఎఫ్డీ వేయడం తలకిందుల పని. మీ జీతంతో ఇల్లు నడపండి, ఆమె సంపాదన పొదుపులోకి పోనివ్వండి. ఇద్దరి డబ్బూ ఒకే జాయింటు ఖాతాలో కలగలిస్తే తరువాత విడదీసి చూపించడం కష్టం. ఆమెకు వేరే సేవింగ్స్ ఖాతా ఉండాలి.

మూడోది, అప్పు. మీరు ఆమెకు నిజంగానే వడ్డీకి ఇచ్చి, పత్రం రాసుకుని, ఆమె ఏటా ఆ వడ్డీ మీకు బ్యాంకు ద్వారా కడితే అది గిఫ్టు కాదు. కాగితం మీదే ఉండి వడ్డీ చేతులు మారకపోతే ఎవరూ నమ్మరు.

ఇంకో చిన్న సంగతి. మీరిచ్చిన డబ్బు మీద వచ్చిన వడ్డీ మీ ఆదాయంలో కలుస్తుంది. ఆ వడ్డీని ఆమె మళ్లీ వేరే డిపాజిట్ చేస్తే, దాని మీద వచ్చే రెండో వడ్డీ ఆమెదే. పదేళ్లకు ఇదే మంచి మొత్తమవుతుంది. అసలు ఒక ఖాతాలో, వడ్డీ మరో ఖాతాలో పెట్టుకుంటే లెక్క సులువు.

మా ఆయన కువైట్‌లో ఉన్నారు. నెలనెలా నా ఖాతాకు పంపిస్తారు. నేను ఎఫ్డీలు వేస్తుంటాను. పన్ను ఎవరికి?

కడప, రాజంపేట, రాయచోటి వైపు ఇది ఇంటింటి ప్రశ్న. ఆయన ఎన్నారై అయితే అక్కడి జీతం మీద ఇక్కడ పన్ను లేదు. మీకు పంపిన డబ్బు మీదా లేదు. మీ పేరున ఎఫ్డీ వేస్తే వచ్చే వడ్డీ మాత్రం ఆయన ఆదాయం కింద లెక్క. ఇండియాలో ఆయనకు వచ్చేవన్నీ కలిపి నాలుగు లక్షల లోపు ఉంటే కొత్త విధానంలో పన్ను పడదు. దాటితే పడుతుంది. పన్నెండు లక్షల రిబేటు ఎన్నారైలకు రాదు, అది ఇక్కడ నివాసం ఉన్నవాళ్లకే.

రెండు మంచి దారులున్నాయి. ఆయన తన పేరున ఎన్ఆర్ఈ (విదేశీ సంపాదన వేసుకునే ఎన్నారై) ఖాతాలో ఎఫ్డీ వేసుకుంటే ఆ వడ్డీకి పన్ను లేదు. మీరు ఇక్కడే ఉంటున్నారు కాబట్టి మీ పేరున పీపీఎఫ్ తెరిచి ఏడాదికి లక్షన్నర వేసుకోండి. ఆయన కొత్తగా పీపీఎఫ్ తెరవలేరు. వెళ్లకముందు తెరిచింది ఉంటే గడువు తీరేదాకా నడుపుకోవచ్చు. కువైట్ ఉద్యోగాలకు ఇక్కడ పీఎఫ్ ఉండదు, పెన్షన్ ఉండదు. ఇల్లు కట్టడానికి, చెల్లెలి పెళ్లికి అయిపోయి, తిరిగొచ్చేసరికి మిగిలేది చాలా ఇళ్లలో ఈ ఒక్క ఖాతానే.

మాకు ప్రొద్దుటూరులో బట్టల షాపు. మా ఇంటామెకు జీతం ఇచ్చినట్టు రాసి ఆమె పేరున ఎన్‌పీఎస్ కట్టొచ్చా?

ఎన్‌పీఎస్ కట్టండి. జీతం విషయంలో జాగ్రత్త. వ్యాపారంలో మీకు 20 శాతమో అంతకన్నా ఎక్కువో వాటా ఉంటే భార్యకిచ్చే జీతం మీ ఆదాయంలోనే కలుస్తుంది. ఆమెకు ఆ పనికి తగిన సాంకేతిక లేదా వృత్తిపరమైన అర్హత ఉండి, జీతం దానివల్లే అని చూపగలిగితేనే అలా కలపరు. కౌంటర్ దగ్గర కూర్చుంటుందన్నది చాలదు, నిజంగానే పొద్దున్నుంచి రాత్రిదాకా కూర్చున్నా సరే. మా దృష్టిలో ఇది అన్యాయమే.

మేం రైతులం, చీనీ తోట ఉంది. పన్ను కట్టం. మాకు ఇవన్నీ ఎందుకు?

మినహాయింపులు మీకక్కర్లేదు. వ్యవసాయ ఆదాయానికి పన్ను లేదు. పెన్షన్ మాత్రం మీకే ఎక్కువ అక్కర. ధర పడిపోయిన ఏడాదో, బోరు ఎండిన ఏడాదో పొదుపు అంతా పోతుంది.

అటల్ పెన్షన్ యోజనలో 18 నుంచి 40 ఏళ్ల మధ్య చేరొచ్చు. అరవై తరువాత నెలకు వెయ్యి నుంచి ఐదు వేల దాకా పెన్షన్. ఐదు వేల పెన్షన్‌కు పద్దెనిమిదేళ్లప్పుడు చేరితే నెలకు 210, ముప్ఫైలో చేరితే 577, నలభైలో చేరితే 1,454 కట్టాలి. చందాదారు పోతే అదే పెన్షన్ భార్యకో భర్తకో వస్తుంది, ఆ తరువాత నామినీకి దాదాపు ఎనిమిదిన్నర లక్షలు. భార్యాభర్తలు ఇద్దరూ విడివిడిగా చేరొచ్చు.

2022 అక్టోబర్ 1 నుంచి ఆదాయపు పన్ను కట్టేవాళ్లు ఇందులో చేరకూడదు. ఈ షరతు ఎవరికి వాళ్లకే. భర్త పన్ను కడుతున్నా, తానెప్పుడూ పన్ను కట్టని భార్య చేరొచ్చు. ఈ ముక్క తెలియక ఉద్యోగుల భార్యలు చాలామంది ఆగిపోతున్నారు.

ఐదెకరాల లోపు చిన్న, సన్నకారు రైతులకు కిసాన్ మాన్‌ధన్ వేరే ఉంది: నెలకు 55 నుంచి 200, అంతే మొత్తం కేంద్రం వేస్తుంది, అరవై తరువాత 3,000. భార్య విడిగా తన పేరున చేరొచ్చు. డ్వాక్రా సంఘంలో ఉన్నవాళ్లు నెలవారీ పొదుపుతో పాటే ఈ చందాకూ కొంత పక్కన పెట్టుకుంటే ఖాతాలో డబ్బు లేక కోత తప్పే ఇబ్బంది ఉండదు.

మా అమ్మాయి, అల్లుడు అమెరికాలో ఉన్నారు. ఆమెకు ఉద్యోగం లేదు. అల్లుడు ఆమె పేరున రిటైర్మెంట్ ఖాతా వేసి పన్ను తగ్గించుకున్నానంటాడు. నిజమేనా?

నిజం కావొచ్చు. అక్కడ భార్యాభర్తలు ఉమ్మడి రిటర్ను వేయొచ్చు. అలా వేసేవాళ్లలో ఒకరికే సంపాదన ఉన్నా, రెండోవాళ్ల పేరున ఐఆర్ఏ (సొంత రిటైర్మెంట్ పొదుపు) ఖాతా తెరిచి కట్టొచ్చు. దాన్నే స్పౌజల్ ఐఆర్ఏ అంటారు. 2025కి ఒక్కొక్కరికి 7,000 డాలర్లు, యాభై దాటితే 8,000. 2026కి అవి 7,500, 8,600 అయ్యాయి. మినహాయింపు పూర్తిగా వస్తుందా అన్నది అల్లుడికి కంపెనీ ప్లాన్ ఉందా, ఇద్దరి ఆదాయం ఎంత అన్నదాని మీద ఆధారపడుతుంది. ఖాతా అమ్మాయి సొంతం, జాయింటు కాదు.

కెనడాలో స్పౌజల్ ఆర్ఆర్ఎస్‌పీ అనే రిటైర్మెంట్ ఖాతా ఉంది. భర్త తన పరిమితిలోంచి భార్య ఖాతాలో వేసి మినహాయింపు తను తీసుకుంటాడు, రిటైరయ్యాక తీసేటప్పుడు పన్ను ఆమె స్లాబులో పడుతుంది. కట్టిన ఏడాదిగానీ, తరువాతి రెండేళ్లలోగానీ తీస్తే మాత్రం కట్టినవాళ్ల ఆదాయంలో కలుపుతారు. ఆస్ట్రేలియాలో భార్య ఆదాయం 37,000 డాలర్ల లోపు ఉంటే ఆమె సూపర్ (రిటైర్మెంట్) ఖాతాలో వేసే 3,000 మీద 18 శాతం, అంటే 540 డాలర్ల దాకా పన్ను తగ్గుతుంది. ఆదాయం 40,000కు చేరితే అదీ పోతుంది.

మన దగ్గర వీటికి దగ్గరగా ఉన్నది భార్య పేరున పీపీఎఫ్ ఒక్కటే, అదీ పాత విధానంలో. అల్లుడు చెప్పింది విని ఇక్కడ కొడుకుకు అదే సలహా ఇవ్వకండి.

పెళ్లయ్యాక నామినీ మార్చాలా?

మార్చాలి. పెళ్లికి ముందు ఈపీఎఫ్‌లో ఇచ్చిన నామినేషన్ పెళ్లితో చెల్లకుండా పోతుంది, కొత్తది ఇవ్వాల్సిందే. పీపీఎఫ్, ఎన్‌పీఎస్, ఎల్ఐసీల్లో ఇంకా అమ్మ పేరో నాన్న పేరో ఉందేమో చూసుకోండి. అత్తాకోడళ్ల మధ్య గొడవలకు ఇదొక పెద్ద కారణం.

ఎన్‌పీఎస్ నుంచి పెన్షన్ తీసుకునేటప్పుడు భార్యకు కూడా వచ్చేలా చేయొచ్చా?

యాన్యుటీ, అంటే నెలనెలా పెన్షన్ ఇచ్చే పథకం, ఎంచుకునేటప్పుడు అడుగుతారు. ఒక్కరి జీవితకాలం, ఇద్దరి జీవితకాలం అని రకాలుంటాయి. ఒక్కరిదైతే నెలకు కాస్త ఎక్కువ వస్తుంది, అందుకే అటు మొగ్గుతారు. ఆమెకు వేరే పెన్షన్ లేకపోతే ఇద్దరి జీవితకాలం, ఆ తరువాత అసలు నామినీకి వచ్చేదే తీసుకోండి. ఒకసారి ఎంచుకున్నాక మామూలుగా మార్చుకోవడం కుదరదు. ఆ రోజు ఆమెను కూడా వెంటబెట్టుకుని వెళ్లండి.

ఏ తేదీలు గుర్తుపెట్టుకోవాలి?

పాత విధానంలో మినహాయింపు కావాలంటే డబ్బు మార్చి 31లోగా ఖాతాలో పడాలి. చెక్కు ఇస్తే నాలుగు రోజులు ముందే ఇవ్వండి. పీపీఎఫ్‌కు అసలు తేదీ ఏప్రిల్ 5. ప్రతి నెలా ఐదో తేదీ తరువాత ఉన్న కనిష్ఠ నిల్వ మీదే వడ్డీ కడతారు. ఏడాది మొత్తానికి లక్షన్నర ఏప్రిల్ 5లోగా వేసినవాళ్లకు, మార్చి చివర్లో వేసినవాళ్లకు ఆ ఒక్క ఏడాది తేడా దాదాపు పది వేల ఆరు వందలు. జీతం, పెన్షన్ ఉన్నవాళ్ల రిటర్నుకు జులై 31 గడువు. అది దాటితే పాత విధానం ఎంచుకునే అవకాశం పోతుంది, ఎన్ని రసీదులున్నా కొత్త విధానం లెక్కే వేస్తారు.